గంజి పెట్టని గుడ్డలు

మా మరిది పోయాడని నాకు ముందుగా తెలిసింది దండెం వల్ల. రోజూ ఏడయ్యేసరికి నా పెరటి దండెం మీద ఎనిమిది తడిగుడ్డలు వేలాడేవి. పోయిన నెలలో ఒక ఉదయం ఏడున్నర దాటినా ఒక్కటీ పడలేదు. కాఫీ రెండోసారి వెచ్చబెట్టాను. గోడ ఇవతల నుంచే నాలుగు చీవాట్లు పెట్టాను. నా చీవాట్లకు జవాబు చెప్పకుండా ఊరుకునే మనిషి కాడు, అందుకే వెళ్ళి తలుపు తోశాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెప్పులు గుమ్మం దగ్గర తిన్నగా ఉన్నాయి. నిద్రలో గుండె ఆగిందన్నాడు డాక్టరు. తెల్లవారుజామున మంచులో తిరిగే మనిషని ఆయనకూ తెలుసు. "మంచుకీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాడు. నేను అడగనే లేదు. నా మొహం అడిగింది కాబోలు.

మావారి తమ్ముడు. నేను కాపురానికొచ్చేనాటికి ఐదో తరగతి తప్పి, నౌపడ ఉప్పుమళ్ళలో పనికి పోతున్నాడు. నేను ఆ తర్వాత హైస్కూల్లో సైన్సు చెప్పాను. మావారూ పోయి, అతని భార్యా పోయాక, ఒకే గోడకు ఇటు నేనూ అటు అతనూ మిగిలాం. మేం కష్టసుఖాలు మాట్లాడుకునేవాళ్ళమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వాదించుకునేవాళ్ళం. ఈ వయసులో మనతో వాదించే మనిషి దొరకడం ఎంత కష్టమో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మిగతా అందరూ "అవునమ్మా, అలాగేనమ్మా" అంటారు.

మా ఊరి పక్కన కొంత ఉప్పునేలలో ఒక సోలారు కంపెనీ వచ్చింది. అతనక్కడ వాచ్‌మన్‌గా కుదిరాడు. సముద్రపు గాలికి ఆ సోలారు పలకల అద్దాల మీద ఉప్పు, దుమ్ము పేరుకునేవి. ఇక్కడి నీళ్ళు ఉప్పన కాబట్టి, కడగడానికి మంచినీళ్ళు ఎక్కడినుంచో టాంకర్లలో వచ్చేవి. ఒక మధ్యాహ్నం అతనికి కేరేజీ ఇవ్వడానికి వెళితే గేటు దగ్గర టాంకరు పొగ, వాచ్‌మన్ గది వెనక జనరేటరు పొగ, రెండూ కలిసి నా మొహాన కొట్టాయి.

"ఎండ అమ్ముకునే చోట ఈ డీజిలు కంపేమిటి మరిదీ? ఉప్పు కొటారు పెట్టుకున్నవాడు చప్పిడి కూర తిన్నట్టుంది."

మర్నాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, నువ్వన్న మాట రాత్రంతా నమిలేను. కంపెనీకి ఉత్తరం రాయాల. నాను సెప్తాను, నువ్వు రాయి."

"వాచ్‌మన్ ఉత్తరం చదువుతారా?"

"సదవకపోతే ఇంకోటి రాద్దుం. నీకేటి పనున్నాది?"

నిజమే, నాకేం పనుంది. అలా మొదలైంది. టాంకరు మానెయ్యండని మొదటి ఉత్తరం. ముగ్గురు ఆఫీసర్లు మూడు కార్లలో ఎందుకు, నౌపడలో రైలు ఆగుతుంది కదా అని ఒక ఉత్తరం. గడ్డి కోయడానికి డీజిలు మిషనెందుకు, గొర్రెల్ని తోలండి అని ఇంకొకటి. "మేకలొద్దని గట్టిగా రాయొదినా. మేకైతే పలక మీదకెక్కి కూకుంటాది. గొర్రెకి అంత తెలివి నేదు." నేను దాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చి చదివి వినిపిస్తే, ఇది నా ఉత్తరంలా లేదు, కరణం ఉత్తరంలా ఉంది అని చింపించేవాడు.

గేటు మీద 'కర్బన పాదముద్ర తగ్గిద్దాం' అని కంపెనీ బోర్డు పెట్టింది. అదేమిటని అడిగాడు. మనం కాల్చిన బొగ్గూ డీజిలూ గాలిలో వదిలే మసి లెక్క అనుకో అన్నాను. కాసేపు తన పాదాలు చూసుకున్నాడు. ఉప్పునీళ్ళకు పగుళ్ళిచ్చిన పాదాలు.

"ఉప్పు మడిలో అడుగేస్తే, ఎనక్కొచ్చీటప్పుడు సదును సేసుకుంటా రావాల. నేదంటే ఆ గుంటలో మట్టి లేస్తాది, ఉప్పు నల్లబడతాది. అడుగెయ్యొద్దని ఎవుడూ అన్నేదు. సదును సేసి పొమ్మన్నారు, అంతే."

నేను ముప్పైయేళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. ఈ సంగతి ఇంత తేలిగ్గా చెప్పగలిగేదాన్ని కాదు.

చివరికి ఒక ఆఫీసరు వచ్చాడు. (కారులోనే.) అప్పుడు కూడా నేను కేరేజీతో గేటు దగ్గరే ఉన్నాను.

"తాతగారూ, టాంకరు మానేస్తే అద్దాలు దేంతో కడుగుతారు?"

"నీళ్ళున్నాయి బాబూ. తెల్లారగట్ల పైనుంచి దిగుతాయి. మీరొచ్చీసరికి ఆరిపోతాయి."

మంచు సంగతి అది. ఉప్పుమళ్ళలో బతికినవాళ్ళకు ఏ జామున ఎంత కురుస్తుందో తెలుసు. చల్లటి అద్దం మీద అది చెమటలా పట్టినప్పుడు మెత్తటి గుడ్డతో తుడిచేస్తే, ఉప్పూ దుమ్మూ కలిసి వచ్చేస్తాయని అతని వాదం. ఆఫీసరు నవ్వి, రెండు వరసల పలకలు ఇచ్చాడు. ఒక నెల గడువు. టాంకరు కడిగిన వరసలతో సమానంగా కరెంటు వస్తే సరే. రాకపోతే వాచ్‌మన్ వాచ్‌మన్ పని చూసుకోవాలి, ఇక ఉత్తరాలు రాయకూడదు.

గీతలు పడని గుడ్డ కావాలి. నా దగ్గర పాత పొందూరు ఖద్దరు చీరలు రెండున్నాయి, ఉతికి ఉతికి వెన్నలా అయినవి. సంతోషంగా ఇచ్చాను. నా చీరల సంగతి నా దగ్గర చదువుకున్నవాళ్ళనడగండి. గంజి ఫెళఫెళ వినబడగానే క్లాసు సద్దుమణిగేది. ఆ రెండు చీరల్నీ ఉతికి, చేతికి అలవాటైన పని కదా, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఎనిమిది ముక్కలు చేసి, మడతపెట్టి మరీ ఇచ్చాను.

వారం తిరిగేసరికి ఆ రెండు వరసలకు శుక్లాలొచ్చినట్టయింది. మంచుకు గంజి కరిగి, అద్దాల మీద తెల్లగా ఎండిపోయింది. కరెంటు అన్ని వరసలకంటే తక్కువ. ఆఫీసరు వేలితో రాసి చూశాడు.

"ఏమిటి తాతగారూ ఇది?"

మా మరిది గుడ్డను వాసన చూశాడు. అర్థమైంది. పక్కనే కేరేజీ పట్టుకుని నిలబడ్డ నాకూ అర్థమైంది.

"నాదే తప్పు బాబూ. గుడ్డ సూసుకోనేదు. ఇంకో వారం కలపండి."

"తప్పు ఎవరిదో లేచి నిలబడండి" అని ఎన్ని వందలమంది పిల్లల్ని గద్దించానో. ఆ రోజు నేను నిలబడే ఉన్నాను, నోరు లేవలేదు.

ఇంటికొచ్చాక అడిగాను. "గంజి నాదని చెప్పొచ్చు కదా?"

"సెప్తే ఆడు నిన్ను సూసి నవ్వుతాడు. నన్ను సూసి నవ్వితే నాకేటి పోద్ది?" అని, నా చేతిలో కాఫీ గ్లాసు అందుకుని, "అయినా వదినా, అద్దాలు తుడవడానికి ఇస్త్రీ గుడ్డలిచ్చినోళ్ళు ఈ జిల్లాలో నువ్వొక్కర్తివే" అన్నాడు.

ఆ ఎనిమిది ముక్కల్నీ మూడుసార్లు ఉడకబెట్టాను. నెలా వారం గడిచేసరికి రెండు వరసలూ మిగతావాటితో సమానమయ్యాయి. ఆఫీసరు మర్నాటి నుంచి ఇంకో ఇరవై వరసలు అప్పగించాడు. ఉప్పుమళ్ళ ఆడవాళ్ళు ఇద్దరికి కూడా అక్కడ పని దొరికింది. ఇప్పుడు మంచుకాలంలో టాంకరు రాదు, వానాకాలంలో ఎలాగూ అక్కర్లేదు. నడివేసవిలో మాత్రం వస్తూనే ఉంది. మేం ప్రపంచాన్ని మార్చామని నేననడం లేదు. ఒక టాంకరును కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టాం.

జనరేటరు ఇంకా ఉంది. దాని మీద ఉత్తరం సగంలో ఆగింది. "అయ్యా, పగలంతా ఇంత ఎండ పోగేసి, సందేలకి వాచ్‌మన్ గదికి దాంట్లోంచి ఒక బుడ్డి దీపమంతైనా దాసుకోనేమా?" అని, "మిగతాది రేపు సెప్తాను" అని లేచిపోయాడు. పూర్తిచేద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను. కరణం ఉత్తరమే వస్తోంది. చింపెయ్యమనేవాళ్ళు లేరు.

ఆ తుడిచే ఆడవాళ్ళు ఇప్పుడు గుడ్డలు అక్కడే ఆరేసుకుంటున్నారు. నా పెరటిదాకా రావలసిన అవసరం వాళ్ళకేముంది? అతనికి మాత్రం ఏముండేది? అక్కడే కంచె ఉండగా, రోజూ తడిమూట మోసుకుని ఇంతదూరం ఎందుకొచ్చేవాడో అడగాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. కాఫీ కోసమనుకున్నాను.

ఆ గంజి నాది. ఇన్నాళ్ళకు, మీ అందరి ముందు, లేచి నిలబడి చెబుతున్నాను. ఆఫీసరు బాబు ఇది చదివితే తీరిగ్గా నవ్వుకోవచ్చు.

ఆ తప్పు జరిగిన రోజు నుంచి నేను చీరలకు గంజి పెట్టడం మానేశాను. ఇవాళ తెల్లవారుజామున పెరట్లోకి వెళితే దండెం పొడుగునా మంచు బొట్లు బొట్లుగా పట్టి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ కొంగుతో తుడిచాను. కొంగు తడిసిపోయింది. ఆరేసుకోవడానికి దండెమంతా ఖాళీగానే ఉంది.