ఎష్‌బోర్న్‌లో దింపుడు కల్లం

జర్మనీలోని మా ఎష్‌బోర్న్ ఆఫీసులో నా పక్క సీటావిడ మధ్యాహ్నం బ్రెడ్డు తింటూ చావులు చూసేది. ఆమెది ఐర్లాండ్ పడమటి తీరంలో ఒక పల్లె. అక్కడి చర్చిలో కెమెరా పెట్టారు. ఊళ్ళో ఎవరు పోయినా అంత్యక్రియల ప్రార్థన నెట్‌లో వస్తుంది. రెండేళ్ళుండి పోదామని జర్మనీ వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయిందట. "అదిగో, మూడో బల్లలో మా పోస్ట్‌మాన్. ఎంత ముసలాడైపోయాడో!" అని నాకూ చూపించేది. తిండి దగ్గర శవపేటిక ఏమిటని నాకు చిరాకు. తల తిప్పుకునేదాన్ని.

దగ్గరివాళ్ళు పోతే మాత్రం ఆ సాయంత్రమే విమానం ఎక్కేది. వాళ్ళలో రెండు మూడు రోజుల్లో పూడ్చేస్తారు, వెళ్ళకపోతే ఊరంతా తప్పు పడుతుంది. ఒకసారి అంది: "ఇప్పుడు నేను ఇంటికి వెళ్ళేది చావులకే. పెళ్ళిళ్ళకి పిలవడం ఎప్పుడో మానేశారు." పాపం అనాలి. అనలేదు. బ్యాగులో పాస్‌పోర్టు పడేసుకుని వెళ్ళిపోగలిగిన మనిషిని చూస్తే ఆ రోజుల్లో నాకు ఒళ్ళు మండేది.

నా బ్లూ కార్డు, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, గడువు ముగిసింది. కొత్తదానికి దరఖాస్తు పెట్టాను. అది తేలేదాకా ఇక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. దేశం దాటి తిరిగి రావాలంటే మాత్రం ఇంకో కాగితం కావాలి, ఆ కాగితానికి వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కావాలి, అది దొరకదు. పొద్దున లేవగానే టెర్మిన్ల వెబ్ పేజీ తెరవడం, ఖాళీలు లేవని చదవడం, పళ్ళు తోముకోవడం. అటు వరంగల్‌లో నన్ను పెంచిన చిన్నమ్మ మంచం పట్టింది.

"ఎప్పుడొస్తవ్ బిడ్డా?"

"టెర్మిన్ దొరకంగనే, చిన్నమ్మా."

"గదెవడే? గట్టిగ అడుగరాదు వాన్ని!"

నవ్వాను. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఏదైతే అదయిందని బయల్దేరదామంటే ఉద్యోగం, ఇక్కడి బాలబడికి పోయే పాప, ఇల్లు అన్నీ ఇక్కడే. కాళ్ళూ చేతులూ కట్టేసినట్టుండేది.

ఒక బుధవారం తెల్లవారుజామున చిన్నమ్మ పోయింది. రాలేనివాళ్ళ కోసం ఆమె చిన్నకొడుకు, నా తమ్ముడు, వీడియో లింకు పంపాడు. ఆఫీసులో చిన్న మీటింగ్ గదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఐరిష్ ఆవిడ అడగకుండానే వచ్చి, తలుపు మూసి పక్కన కూర్చుంది. పాడె ఎత్తుతుంటే లేచి నిలబడింది. ఆమెను చూసి నేనూ లేచాను.

మా ఇంటి ఆడవాళ్ళు గడప దగ్గరే ఆగిపోయారు. తమ్ముడి చేతిలో ఫోను మాత్రం ముందుకు పోయింది. దానితోపాటు నేనూ, జీవితంలో మొదటిసారి, శ్మశానం దారి పట్టాను. సగం దూరంలో పాడె దింపారు. దింపుడు కల్లం. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతారని, దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. కొడుకులిద్దరూ పిలిచారు. తర్వాత తమ్ముడు ఫోను చిన్నమ్మ చెవి దగ్గర పెట్టి, "అక్కా, నువ్వు పిలువు," అన్నాడు.

చిన్నమ్మా అని పిలిచాను. గాజు గోడల అవతల తలలు ఇటు తిరిగాయి. లెక్కచేయలేదు. ఇంకా గట్టిగా రెండుసార్లు పిలిచాను. తెర నిండా ఆమె నెరిసిన జుట్టు, బంతిపూలు.

"అక్కా, పిలువే. అందరు చూస్తుండ్రు," అన్నాడు తమ్ముడు.

మళ్ళీ పిలిచాను. "పొద్దు పోతాంది, ఎత్తుండ్రి," అని ఎవరో పెద్దాయన అన్నారు.

ఐరిష్ ఆవిడకు తెలుగు ముక్క రాదు. అయినా ముందు చూసింది ఆమే. వంగి, తెర కింద ఎర్ర గీత ఉన్న మైకు బొమ్మను నొక్కింది. ఏ మీటింగ్‌లో చేరినా ముందు మైకు ఆపేయడం నా చేతికి ఎనిమిదేళ్ళ అలవాటు.

"ఆగుండ్రి! ఒక్కసారి దింపుండ్రి!" అని అరిచాను.

తెర మీద భుజాలు, ఆకాశం ఊగుతున్నాయి.

"ఎత్తిండ్రక్కా," అన్నాడు తమ్ముడు. "ఒకసారి ఎత్తినంక మళ్ళ దింపరు."