పందొమ్మిదో అధ్యాయం

నా చిన్నప్పుడు కంచరపాలెంలో మా ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే గొంతు పెంచేవారు. మా తాతయ్యకు చెవుడు. హార్బరులో ఓడలకు పట్టిన తుప్పును సుత్తితో కొట్టి రాల్చే పని ముప్పై ఏళ్లు చేశాడు. ఇనుప గోడల మధ్య ఆ మోత ఆయన చెవులను తినేసింది. ఎంత గట్టిగా అరిస్తే ఆయనకు అంత బాగా తెలుస్తుందని ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్లం.

తాతయ్యకు చదువు రాదు. రోజూ సాయంత్రం ప్రార్థన వేళ నేనే బైబిలు చదవాలి. ఆయన పీట లాక్కుని నాకెదురుగా కూర్చుని, కన్నార్పకుండా నా ముఖంలోకే చూసేవాడు. భక్తి కాబోలు అనుకునేదాన్ని.

నాకప్పుడు పదేళ్లు. చర్చిలో పిల్లల కార్యక్రమానికి నీలం రిబ్బన్లు కావాలని ఆయన వెనక నుంచి అరిచి చెప్పాను. పాపం, ఎండలో పూర్ణా మార్కెట్ దాకా నడిచి వెళ్లి ఎర్రవి తెచ్చాడు. నాకు ఒళ్లు మండింది. పక్కింటి అక్క కిసుక్కున నవ్వేసరికి మరింత రెచ్చిపోయాను. ఆయన ఎదుటే నిలబడి, పైకి నవ్వుతూ, గొంతు తగ్గించి, "ఈ సెవిటి ముసిలోడు ఎప్పుడు సత్తాడో" అన్నాను. తాతయ్య కూడా నవ్వి తలాడించాడు. అక్కా నేనూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం.

ఆ సాయంత్రం లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం చదవమన్నాడు. నేను పరిశుద్ధుణ్ణి గనుక మీరూ పరిశుద్ధులుగా ఉండాలని దేవుడు చెప్పే అధ్యాయం అది. ఇక ధూపమో, దేవదూతల రెక్కలో వస్తాయనుకున్నాను. పొలం అంచుల్లో పంట పేదలకు వదిలేయమనీ, కూలివాడి కూలి తెల్లారేదాకా ఉంచుకోవద్దనీ వచ్చింది. ఆ వెంటనే, చెవిటివాణ్ణి తిట్టవద్దని ఉంది. నా నోరు ఆగిపోయింది. ఈయనకెలాగూ వినపడదులే అని ఆ మాట దాటేసి, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టవద్దన్న దగ్గరికి పోయాను.

తాతయ్య వేలెత్తాడు. "ఒకటి ఒగ్గేసినావమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఓడ కడుపులో ఎవుడి మాట ఎవుడికి ఇనపడతాది తల్లీ? పెదాలు సూసే పన్జేసుకున్నాం. దేవుడెంత పరిశుద్ధుడో సూసిన ప్రవక్త కూడా, అయ్యో నా పెదాలు మంచియి కావని ఏడిసినాడు గానీ, సేతులని అన్లేదు. జనం పెదాలు సూడలేక నాను తల దించుకుంటాను. నీ మొకం మాత్రం సూడకుండా ఉండలేను."

పుస్తకం మీదికి వంగిపోయి ఏడ్చాను. "తప్పయిపోయింది తాతయ్యా" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "సదువు" అన్నాడు. క్షమించేశాడనుకున్నాను. పిల్లలకు అలాంటివి తొందరగా తీరిపోతాయి. మర్నాడూ, ఆ తర్వాతా ఎప్పటిలాగే ఎదురుగా కూర్చునేవాడు. నేను చదవడం ముగించాక కూడా కొంతసేపు నా ముఖం వంకే చూస్తుండేవాడు. నేను పుస్తకం మూసి ఆటకు పరుగెత్తేదాన్ని.

ఆ ఏడు వానల్లో ఆయాసం ఎక్కువై తాతయ్య పోయాడు. సమాధిలో తలా పిడికెడు మన్ను వేస్తున్నప్పుడు, నా వంతు వచ్చేసరికి తెలిసింది. ఆ రోజు నేను తల వంచుకుని చెప్పాను. నా పెదవులు ఆయనకు కనపడలేదు. నేను తిట్టిన తిట్టు ఆయనకు చేరింది, చెప్పిన క్షమాపణ చేరలేదు. అన్ని సాయంత్రాలూ ఆయన ఎదురు చూసింది ఆ ఒక్క మాట కోసమే.

ఇప్పుడు మధురవాడలో మా చర్చిలో, పాపాలు ఒప్పుకునే ప్రార్థన రాగానే అందరూ తలలు వంచుతారు. నేను మాత్రం ఎత్తుతాను. "నానమ్మా, అందరూ నిన్నే సూత్తన్నారు" అని మనవరాలు చెయ్యి గిల్లుతుంది. చూడనీ. తప్పయిపోయిందన్న ఆ ఒక్క మాటా, పెదవులు బాగా కనపడేలా, నిదానంగా చెబుతాను.