డుంబ్రిగుడలో విరిగిన కమాను

నిన్న మా వీధి చివర లారీ షెడ్డులో ఎవరో ఎర్రగా కాలిన ఉక్కు బద్దను నూనెలో ముంచారు. చుయ్‌మన్న చప్పుడు, వెంటనే ముక్కు మండించే పొగ. కూరల సంచితో అక్కడే నిలబడిపోయాను. "ఏటి తాతా, దారికడ్డం?" అని ఎవడో కసిరితే గాని కదల్లేదు. ఆ వాసన వస్తే చాలు, నాకు సన్యాసి మేస్త్రీ కావాలనిపిస్తుంది. ఊరికే చూడ్డానికి కాదు, ఆయన చేత ఒక పూట తిట్లు తినాలని.

మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. శృంగవరపుకోటలో మోటారు బళ్ళు బాగుచేసేవాడు. పనిలో దిగే ముందు మీసానికి నూనె రాసుకునేవాడు. తనంత పనివాడు జిల్లాలో లేడని తనే చెప్పుకునేవాడు. ఎవరూ కాదనకపోయినా మళ్ళీ చెప్పేవాడు. పెళ్ళయ్యాక, సేద్యం కలిసిరాక, నేను పని వెతుక్కుంటూ వెళితే అంత వయసులో నన్ను రానిచ్చినవాడు ఆయనొక్కడే.

పంతొమ్మిది వందల ఇరవైల చివర్లో ఒక జమీందారు గారి మేనల్లుడు ఇద్దరు మాత్రమే పట్టే ఎర్రటి పరుగుల కారులో అరకు వెళ్ళి, డుంబ్రిగుడ దాటాక దాన్ని గోతిలో దించాడు. ఎడమవైపు ముందు చక్రం మీద బరువు మోసే కమాను విరిగింది. పేర్చిన ఉక్కు బద్దల్లో పెద్దది కొస దగ్గర తెగి, చక్రం వెనక్కి జరిగి రేకుకు రాసుకుంటోంది. ఆ మేనల్లుడు గుర్రమెక్కి కొండ దిగిపోయాడు. మేము పాత బస్సు బద్ద ఒకటి ఎడ్లబండిలో వేసుకుని ఘాటీ దారిన కొండ ఎక్కాం. దాన్ని కొలతకు నరికి, కొసను కాల్చి గుండ్రంగా చుట్టాలి. అందుకు కొలిమి కావాలి.

కొలిమి ఉంది గాని నిప్పు లేదు. అది ఇటుకల పండుగ, కొండవాళ్ళు చైత్రంలో చేసుకునే వేట పండుగ. మగవాళ్ళంతా వేటకు పోయారు. ఆ ఊళ్ళో వేట పడేదాకా కొలిమి రాజెయ్యరు. సాయంత్రం వాళ్ళు ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు ఆచారం ప్రకారం కాచుకుని పేడనీళ్ళు కుమ్మరించారు. కమ్మరి సోము గడ్డం నుంచి పేడ కారుతుండగా మా దగ్గరకొచ్చి నవ్వాడు.

"రేపు పడతాది మేస్త్రీ."

"పడకపోతే?"

"ఎల్లుండి పడతాది."

విరిగినచోట వెదురు కట్టి కారును మెల్లగా దించేద్దామని నేనన్నాను. మేస్త్రీ నామీద విరుచుకుపడ్డాడు. "గాటీలో కట్టు తెగితే లోయలోంచి నిన్నెవుడు ఏరతాడ్రా?"

ఆ ఎదురుచూపు రోజులే ఇప్పుడు నాకు బంగారం. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, తాగి కారు కింద దూరేవాళ్ళం. "కమానుని ఇరుసుకి కట్టే బోల్టులు ముందే బిగించీకు. సెక్రం నేల మీదకి దిగి, బండి బరువు పడ్డాక బిగించు. గాల్లో బిగించింది బిగింపు కాదురా" అనేవాడు. మధ్యాహ్నం భార్య నరసమ్మను తలుచుకునేవాడు. ఆవిడ పులుసులో ఉప్పెక్కువని మొదలుపెట్టి, అలాంటి పులుసు ఇంకెవరూ కాయలేరని ముగించేవాడు. పండుగ కదా, ఆడవాళ్ళు దారికి దుంగ అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్ళను ఆడించేవారు. మేస్త్రీనీ వదల్లేదు. చేతులు పట్టి థింసా ఆడిస్తే, తిడుతూనే అడుగు కలిపాడు.

మర్నాడు శృంగవరపుకోట నుంచి సంతకు ఉప్పు తెచ్చిన వర్తకుడు చెప్పాడు. "మేస్త్రీ, మీ ఇంట్లో మనిసికి జొరం. తెలివి నేదు."

మేస్త్రీ పనిముట్ల పెట్టె నా ముందుకు జరిపాడు. "అప్పన్నా, కమాను కట్టి నువ్వే దింపు."

"నానెప్పుడూ గాటీ దిగనేదు మేస్త్రీ!"

"దిగుతావు."

ఆయన్ను సాగనంపబోతే దుంగ దగ్గర ఆడవాళ్ళు మళ్ళీ నవ్వుతూ చుట్టుముట్టారు. నేను సంగతి చెప్పాను. ఒక ముసలామె అందరినీ గదమాయించి దుంగ తీయించింది. "బేగి ఎల్లు బాబూ" అంది. ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అడవిపంది పడింది, కొలిమి రాజింది. సోము బద్ద కాల్చి చుట్టాడు, ఆముదంలో ముంచాడు. చక్రం నేలకు దించాకే బోల్టులు బిగించాను. ఘాటీ మలుపుల్లో సింహాద్రి అప్పన్నకు ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు.

ఘాటీ అడుగున వాగు దాటే ఖానా గోడ మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. తల గుండు. మీసం లేదు.

"నానెల్లీసరికే అయిపోనాదిరా" అన్నాడు. నేను స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాను. ఆయన ఏడవలేదు. "ఇంట్లో కూకోనేక ఇలాగొచ్చీసినాను" అన్నాడు.

కారు కిందికి వంగి నా పని పరీక్షిస్తాడనుకున్నాను. వంగలేదు. వచ్చి ఎడమవైపు, నేను కట్టిన ఆ కమాను మోసే సీట్లోనే కూర్చుని "తోలు" అన్నాడు. ఇంకొకడు తోలుతుంటే ఏనాడూ రెప్ప వాల్చని మనిషి, మామిడితోటలు దాటకముందే నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. ఎన్ని రాత్రులు మేలుకున్నాడో.

వాళ్ళ వీధి వచ్చింది. నరసమ్మ లేని ఆ గుమ్మం ముందు ఆయన్ను లేపడానికి నాకు మనసొప్పలేదు. ఆపకుండా ముందుకు పోనిచ్చాను. పెట్రోలు అడుగంటేదాకా ఊరి చుట్టూ తిప్పుతూనే ఉన్నాను.

మేస్త్రీ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ బండిలో నా పక్కన ఎవరైనా నిద్రపోతే, ఇల్లొచ్చినా ఆపలేను. ఇంకో చుట్టు తిప్పుతాను.