తాళాలాయన బోర్డు

ప్రింటింగ్ ప్రెస్సులో పన్నెండేళ్లు ఒకరి కింద పనిచేసి, ఇక చాలనుకుని సొంతంగా డిజైన్ పని మొదలుపెట్టేనాటికి ఆమెకు నలభై నిండాయి. మేడ మీది ముందుగదిలో ఒక కంప్యూటరు, కిటికీ పక్కన పొడవాటి బల్ల, గోడ నిండా రంగుల నమూనాలు. అదే ఆఫీసు. వీధిలో అందరికీ ఆమె ‘రంగులక్క’. వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం, అడగని సలహాలివ్వడం అత్తగారి పని.

రంగులక్క చేతిలో పనితనం ఉంది. చిక్కల్లా ఒక్కటే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఎవరేం మార్చమన్నా నవ్వి ఊరుకుని, తనకు తోచిందే చేసేది.

ఒకనాడు బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసే పెద్దాయన కొత్త బోర్డు కావాలని వచ్చాడు. ఆమె వారం రోజులు కూర్చుని నమూనా తయారుచేసింది. ముదురు నీలం మీద తెల్లటి తాళంచెవి, చుట్టూ బోలెడు ఖాళీ, అడుగున చీమల బారులా ఫోన్ నంబరు.

పెద్దాయన కాగితాన్ని దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

“బాగుందమ్మా. నంబరు కాస్త పెద్దది చెయ్యి.”

“అందం పోతుందండీ.”

“నా దగ్గరికొచ్చేవాళ్లు అందం చూసే స్థితిలో ఉండరు తల్లీ.”

ఆమె ససేమిరా అంది. ఆలోచించుకుని వస్తానంటూ ఆయన మెట్లు దిగిపోయాడు.

“వచ్చిన బేరాన్ని చేజేతులా తోలేశావు కదమ్మా!” అన్నారు అత్తగారు.

మర్నాడు పొద్దున్నే, ఆయన కొట్టుకే వెళ్లి నచ్చజెబుదామని ఆమె ఆ కాగితమూ ఫోనూ పట్టుకుని వరండాలోకి వచ్చింది. “ఆగు, నేనూ కూరగాయలకు వస్తున్నా” అంటూ అత్తగారు వెనకే వచ్చి తలుపు లాగేశారు. టక్కున తాళం పడింది. తాళంచెవి లోపల, కళ్లద్దాలు లోపల, పొయ్యి మీద పాలు.

ఆయన నంబరు ఫోన్‌లో ఎక్కించుకోలేదు. ఉన్నదల్లా చేతిలోని నమూనాలోనే. ఆమె దాన్ని ముక్కుకు ఆనించుకుంది, చెయ్యి చాచి చూసింది.

“అత్తయ్యా, ఇది మూడా, ఎనిమిదా?”

“రాసినదానివి నీకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది!”

మూడనుకుని కలిపితే పరుపుల కొట్టువాడు పలికాడు. ఎనిమిదంటే పెద్దాయన దొరికాడు. పది నిమిషాల్లో సైకిలు మీద వచ్చి తలుపు తీశాడు. పాలన్నీ పొంగిపోయి గిన్నె నల్లగా మాడింది.

తప్పకుండా దెప్పుతాడనుకుంది ఆమె. ఆయన మాత్రం పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, “మొన్నొకావిడ లోపల పసిబిడ్డ ఉండిపోయిందని ఏడుస్తూ వచ్చింది. రోజూ బస్సులోంచి చూసే పాత బోర్డే అయినా నంబరు కనబడక, ఫోన్ చెయ్యలేక అంత దూరం పరిగెత్తిందట” అన్నాడు.

ఆమె చేతిలోని నమూనా కాగితాన్ని మడిచేసింది. “బాబాయ్‌గారూ, ఒక పూట మీ కొట్లో కూర్చోనిస్తారా?” అని అడిగింది.

కూర్చుని, వచ్చినవాళ్ల ముఖాలు చూసి, ఆ రాత్రికి రాత్రే పాతదంతా చెరిపేసింది. ఈసారి నిండు పసుపు రంగు మీద, కదిలే బస్సులోంచి సైతం చదవగలిగేంత పెద్ద నల్లటి అంకెలు. తాళంచెవి బొమ్మ ఓ మూల ఒదిగింది. బోర్డు ఎక్కిన రోజున పెద్దాయన రోడ్డుకు అవతల నిలబడి దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాడు.

అప్పటినుంచి ఎవరి పని ఒప్పుకున్నా ముందు వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోవడం ఆమెకు అలవాటైంది. కిందటి నెల పళ్ల డాక్టరుగారి గదిలో అలాగే కూర్చుంటే, నర్సు వరసలో ఉన్న మనిషే అనుకుని లోపలికి పిలిచి నోరు తెరవమంది. నిజంగానే ఒక పన్ను పుచ్చి ఉందట. ఇంటికొచ్చి బుగ్గ పట్టుకుని ఆ సంగతి చెబుతుంటే, అత్తగారు పడీపడీ నవ్వారు.