అన్ని సైట్లలోనూ ఒకే సేటు

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు వెబ్‌సైట్లు చేసే ఆఫీసు మాది. ప్రతి మిల్లుకూ అదే కోడ్ మళ్లీ మళ్లీ రాయలేక, ఎవరూ నేర్పకపోయినా కిందా మీదా పడి లాగిన్, మెనూ, పేజీ పైన వచ్చే హెడర్ లాంటివి అన్ని సైట్లూ వాడుకునే ఉమ్మడి ముక్కలుగా తయారుచేశాను. ఒక్కచోట మారిస్తే చాలు, అన్ని సైట్లలోనూ మారిపోతుంది.

ఈ రోజు నేను అన్నానికి వెళ్లగానే మా ఓనరన్న నా సిస్టం ముందు కూర్చున్నాడు. ఒక మిల్లు సేటు పుట్టినరోజని ఆయన ఫొటో తీసుకెళ్లి ఆ హెడర్‌లో పెట్టాడు. ఇంకేముంది, అన్ని మిల్లుల సైట్లలోనూ ఆ సేటే నవ్వుతున్నాడు! ఆయనంటే పడని ఇంకో సేటు ఫోన్ చేసి అన్నను తిట్టిపోశాడు.

ఫోన్ పెట్టేసి అన్న నా మీద పడ్డాడు.

"ఏందిరా, అందరికీ ఒకటే హెడర్ పెట్టుడేంది? ఎవలది వాళ్లకు సపరేటు చెయ్యి."

"దీన్ని ముట్టుకోవద్దని ఫైల్ల పైననే రాసిన గదన్నా. సూడలేదా?"

"నా ఆఫీసుల నాకే రూల్ రాస్తవా? ఇయ్యాలనే విడగొట్టు. లేకుంటే రేపటి సంది రాకు."

విడగొట్టాను. నేను కట్టిందాన్ని నా చేతులతోనే, పళ్లు కొరుక్కుంటూ, సైటు తర్వాత సైటు కూల్చాను.

ఆఖరిది అయ్యేసరికి అన్న చాయ్ గ్లాసుతో వచ్చాడు. "తమ్మీ, అన్ని సైట్ల హెడర్ల మన ఆఫీసు కొత్త నంబర్ ఎయ్యి. నీకు చిటికెల పని గదా."

మధ్యాహ్నం దాకా చిటికెలో పనే.

మీ ఆఫీసులోనూ ఇలాంటి అన్న ఉంటే ఫొటో పంపండి. ఇద్దరినీ ఒకే హెడర్‌లో పెడదాం.