ఆయేషా అంటే బతికుండేది

పుంగనూరులో బస్సెక్కిన ఒకామె పసిబిడ్డతో నా పక్కన కూర్చుంది. మదనపల్లె ఆస్పత్రికట. ఊరుకునే నోరా నాది! "పాపకు పేరు పెట్టినారా, ఇంకా బేరాలాడతాండారా?" అన్నాను.

"ఆయేషా. అరబ్బీలో బతికుండేదని అర్థమప్పా. ముందిద్దరు నిలవలేదు, అందుకే ఈ పేరు."

"మా అమ్మకూ అట్లే అయిందమ్మా. నన్ను చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ తెచ్చుకుని కుప్పయ్య అని పేరు పెట్టింది. యముడు కూడా చెత్తే అనుకుని వదిలేసినాడు, సూడు!"

ఆమె నవ్వలేదు. "అయితే నువ్వొకసారి ఎత్తుకోప్పా," అని బిడ్డను నా ఒళ్లో పెట్టింది. బిడ్డ జ్వరంతో కాలిపోతోంది. ఆస్పత్రి వచ్చేదాకా ఆమె బిడ్డను అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఎవరైనా ఆయేషా అని పిలిస్తే ఇప్పటికీ తిరిగి చూస్తాను, ఇప్పుడు ఆ బిడ్డకుండే వయసు పిల్లేనా అని.