ప్రశ్నపత్రం నాలుగో పేజీ

సేవ చేద్దామని నేను ఆ గదిలోకి వెళ్ళలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు సుఖం. మాది ఫాదర్లు నడిపే యూనివర్సిటీ. అక్కడ చదువుతోపాటు ప్రతి విద్యార్థీ కొన్ని గంటలు సమాజసేవ చేసి తీరాలి, లేకపోతే డిగ్రీ చేతికి రాదు. మా క్లాసువాళ్ళంతా సముద్రం ఒడ్డున చెత్త ఏరో, చిన్నపిల్లలకు లెక్కలు చెప్పో ఆ గంటలు ఎప్పుడో పూర్తి చేసేశారు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ నేను బి.కాం. రెండో ఏడాది చివరిదాకా వచ్చాను. ఇంకా ఎనిమిది గంటలు మిగిలే ఉన్నాయి. ఏప్రిల్ పరీక్షలకు ముందు, చూపులేని విద్యార్థుల విభాగం చూసే సిస్టర్ వరండాలో నన్ను పట్టుకుని, "రెండు పరీక్షలు రాసిపెట్టు, నీ గంటలు అయిపోతాయి" అన్నారు. ఎండలో తిరగక్కర్లేదు, ఫ్యాను కింద కూర్చునే పనే కదా అని ఎగిరి గంతేశాను.

పని వినడానికి సులువే. ప్రశ్నపత్రం గట్టిగా చదివి వినిపించాలి. వాళ్ళు చెప్పిన జవాబు చెప్పినట్టు రాయాలి. సొంత తెలివి చూపించకూడదు. అందుకే వేరే సబ్జెక్టు వాళ్ళనే పెడతారు. హిస్టరీలో నాకు ఒక్క ముక్క రాదు కాబట్టి బి.ఏ. హిస్టరీ ఆఖరి ఏడాది చదివే అక్కకు నన్ను అప్పగించారు.

పుట్టినప్పటి నుంచీ ఆ అక్కకు చూపు లేదు. ఇల్లు వ్యాసర్‌పాడిలో. వాళ్ళ నాన్న రైల్వే యార్డులో మూటలెత్తే కూలీ. వాళ్ళూ మాలాగే ఎన్నో తరాల కిందట మద్రాసు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. మాది తొండియార్‌పేట అనీ, ఇంట్లో తెలుగే మాట్లాడతామనీ చెప్పగానే ఆమె మొహం విప్పారింది.

"మనోళ్ళేనా! సరి సరి, ఇంగ నాకు భయం లేదు. ఈడ అందరూ నాతో ఇంగ్లీషే మాట్లాడతా ఉండారు, దవడలు నొప్పి పుడతా ఉండాయి" అంది.

మొదట రాయాల్సింది కిందటేడాది తప్పిన పేపరు. అరియర్. రెండోదాని గురించి ఆమెకు బెంగ లేదు, ఇదొక్కటి గట్టెక్కితే డిగ్రీ పూర్తయినట్టే. బి.ఇడి.లో సీటు కూడా దొరికింది. కానీ జూన్‌లోపు అన్నీ పాసైనట్టు కాగితం చూపించాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. "ఈ ఒక్కటి దాటితే చాలు పాపా, నేను టీచరమ్మ అయిపోతా" అని ఆ ఉదయం నాతో నాలుగుసార్లయినా అని ఉంటుంది. నేను నాలుగుసార్లూ తల ఊపాను. తల ఊపితే ఆమెకు కనిపించదని నాకు తట్టనే లేదు.

చాపెల్ పక్కన చిన్న గది మాకు ఇచ్చారు. మైకులో ఫాదర్ ప్రార్థన చదవడం అయిపోయాక పరీక్ష మొదలైంది. కాపలా కూర్చున్న మేడం తన పేపర్లు తాను దిద్దుకుంటున్నారు. మిగతావాళ్ళకు మూడు గంటలు, మాకు నాలుగు. మొదటి రెండు గంటలూ బాగానే గడిచాయి. ఆ తర్వాత నా వేళ్ళు పట్టేశాయి, కడుపులో ఆకలి మొదలైంది. నాకు అసలే ముక్కు మీద కోపం. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. పాపం సిస్టర్‌కే తెలియదు. అక్క ప్రతి ప్రశ్ననూ రెండోసారి, మూడోసారి చదవమనేది. తను చెప్పిన పేరా వెనక్కి చదివి వినిపించమనేది. నేను నిట్టూర్చేదాన్ని, పెన్ను బల్ల మీద టకటకమని కొట్టేదాన్ని.

చివరి భాగంలో మూడు పెద్ద జవాబులు రాయాలి. మొదటి రెండూ గడగడా చెప్పింది. మూడోదానికి వచ్చేసరికి ఆగిపోయింది. బల్ల అంచు వేళ్ళతో రుద్దుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ముక్కలు ముక్కలుగా పేజీన్నర చెప్పింది, చెప్పిందే మళ్ళీ చెప్పింది. సరిగ్గా చదువుకోకుండా వచ్చి నా ప్రాణం తీస్తోందనుకున్నాను నేను. అయిపోయాక బయటికొచ్చి ప్రశ్నపత్రం ఆమె చేతికి ఇవ్వబోతే, "నేనేం చేసుకునేది? నువ్వే పెట్టుకో" అని నవ్వింది.

కోడంబాక్కంలో రైలెక్కాను. అదృష్టం బాగుండి కిటికీ పక్కన సీటు దొరికింది. ఉక్క తట్టుకోలేక విసురుకుందామని బ్యాగులోంచి ఆ ప్రశ్నపత్రం తీశాను. విసురుకుంటూ ఉంటే వెనక పక్క అచ్చు కనిపించింది. నాలుగో పేజీ. ఎప్పుడూ ఖాళీగా ఉండే పేజీ. దాని మీద ఇంకో రెండు ప్రశ్నలు ఉన్నాయి.

 చివరి భాగంలో ఇచ్చినవి ఐదు, అందులో ఏవైనా మూడు రాయాలి. ఏవైనా అన్న మాట పట్టించుకోకుండా నేను మూడే చదివాను. ఆ ఆఖరి రెండింట్లో ఒకటి ఆమెకు వచ్చి ఉంటే, రాని ప్రశ్నతో అంతసేపు కుస్తీ పట్టాల్సిన ఖర్మ ఏమిటి? పేజీ తిప్పమని మూడో పేజీ అడుగున చిన్న అక్షరాలతో అచ్చేసి కూడా ఉంది. పైగా ఆమె నన్ను అడిగింది. మూడో ప్రశ్న చదవగానే, "అంతేనా పాపా?" అంది. "ఉంటే చదవనా అక్కా!" అని నేను కసురుకున్నాను. మేడం కూడా తలెత్తి చూశారు. ఆ కసురుడు రైల్లో కూర్చున్న నాకు మళ్ళీ వినిపించింది. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది. నేను దిగాల్సిన బీచ్ స్టేషన్ వచ్చినా సీట్లోంచి లేవాలనిపించలేదు.

ఆ రోజు అన్నం సయించలేదు. అమ్మ అడిగితే ఎండ దెబ్బ అన్నాను. తెల్లారగానే సిస్టర్ దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పి, ఏదైనా చెయ్యండి అని బతిమాలాను.  జవాబుపత్రాలు కట్ట కట్టి పంపేశారట. రాయాల్సిన మూడు జవాబులూ రాసింది కాబట్టి మళ్ళీ పరీక్ష పెట్టడానికి కారణం దొరకదట. "పరీక్షలు చూసే ఫాదర్‌తో నేను మాట్లాడి చూస్తాను, ఆశ పెట్టుకోకు. ఆ అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పాలి. నేను చెప్పను" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. సాయంత్రానికి ఫాదర్ కూడా కుదరదన్నారని ఫోన్‌లో చెప్పారు.

ఈలోపు మధ్యాహ్నమే నేను వ్యాసర్‌పాడి వెళ్ళాను. సందులో ఇల్లు కనుక్కోవడానికి ముగ్గుర్ని అడగాల్సి వచ్చింది. గడపలోనే నా గొంతు గుర్తుపట్టి "పాపా, నువ్వా!" అంది అక్క. కూర్చోకుండానే అంతా కక్కేశాను. ఏడుపు వచ్చేసింది. వాళ్ళమ్మ తిరగేసిన చీపురు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆ రెండు కొశ్చెన్లు చదువు" అంది అక్క.

చదివాను. ఇంకోసారి చదవమంది ఆమె. తర్వాత నవ్వింది.

"పరవాలేదు లే పాపా. అయ్యిందేదో అయ్యింది. మా, ఈ పిల్లకు టీ పెట్టు, బిస్కెట్లు ఉండాయి చూడు" అంది. "రేపు పేపరుకు వస్తావు గదా? మానేయవు గదా?"

రాకుండా ఎలా ఉంటాను! వస్తానని ఒట్టేశాను. హమ్మయ్య, ఎంత మంచి మనసు అనుకుంటూ టీ తాగాను, బిస్కెట్లు తిన్నాను. తిరుగుదారిలో బస్సులో నిద్ర కూడా పట్టింది. మర్నాడు ఆ రెండో పేపరు నాలుగు పేజీలూ, పైన అచ్చేసిన కోడు నంబరుతో సహా, అడిగినన్నిసార్లు చదివాను. అందులో ఆమె ఎక్కడా తడబడలేదు.

సెమిస్టర్ చివరి రోజు వచ్చింది. హాస్టల్ అమ్మాయిలు బక్కెట్లు, పరుపులు ఆటోల్లోకి ఎక్కిస్తున్నారు. చాపెల్లో కృతజ్ఞతా పూజ జరిగింది, బయట అందరికీ కేకు ముక్కలు పంచారు. నోటీసు బోర్డులో సెమిస్టర్ కబుర్ల కాగితం అంటించారు. ఒక పెద్దాయన ఫాదర్‌గా దీక్ష తీసుకుని యాభై ఏళ్ళు నిండాయి. క్యాంటీన్ అమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది. తోటమాలి ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆయన కోసం ప్రార్థించండి. అన్నిటికంటే కింద, చూపులేని తోటివాళ్ళకు ఎంతో ఓర్పుతో పరీక్షలు రాసిపెట్టిన విద్యార్థులకు కృతజ్ఞతలు అని రాసి పేర్లు వేశారు. నా పేరు మూడోది. ఎంతో ఓర్పుతో! నా ఫ్రెండ్ అది చదివి కడుపు పట్టుకుని నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. ఎవరూ చూడకుండా ఆ కాగితం పీకేద్దామా అనుకున్నాను, పక్కన వాచ్‌మన్ ఉన్నాడు.

సెలవుల్లో ఫలితాల కోసం నేను ఎదురుచూసినంతగా ఆ అక్క కూడా చూసి ఉండదు. మా వీధి వినాయకుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఆయన ఒక్కడి మీద భారం వేయడం దేనికని చాపెల్‌కి వెళ్ళి మేరీమాత ముందు కొవ్వొత్తి కూడా వెలిగించాను. మా పేపర్లు నాకు గుర్తే లేవు. ఆమె తప్పితే, సీటు పోతే, ఆ సందులోకి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళేది?

మే నెలాఖరులో ఫలితాలు పెట్టారు. అక్క ఫోన్ తెర మీద అక్షరాలన్నీ చదివి వినిపిస్తుంది. కానీ యూనివర్సిటీ సైటులో ముందు ఒక వంకర టింకర అక్షరాల బొమ్మ వస్తుంది, అందులో ఉన్నది టైపు చేస్తేనే మార్కులు చూపిస్తుంది. ఆ బొమ్మను ఫోన్ చదవలేదు. అందుకని ఆమె నాకు ఫోన్ చేసి రమ్మంది. క్యాంపస్‌లో, సిస్టర్ గది ముందున్న సిమెంటు బెంచీ మీద కలిశాం. సైటు మూడుసార్లు మొరాయించింది. నాలుగోసారి తెరుచుకుంది. 

"చెప్పు పాపా, తొందరగా చెప్పు!"

"నలభై మూడు" అన్నాను. నలభై వస్తే పాస్. "పాస్ అక్కా! పాస్! అన్నీ పాస్!"

నాకు ప్రాణం లేచొచ్చింది. బెంచీ చుట్టూ గంతులేశాను. లోపల్నుంచి సిస్టర్ కూడా బయటికి వచ్చి ఆమె తల నిమిరి వెళ్ళారు. అక్క వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "మా, అయిపొయ్యింది మా, పాసైపొయినా" అని ఏడ్చింది, నవ్వింది. యార్డులో ఉన్న నాన్నకూ చేసింది. తర్వాత ముక్కు చీదుకుని, ఫోన్ జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, జిప్ లాగి, నా వైపు తిరిగింది.

"సరి. ఇప్పుడు కూచో" అంది. గొంతు మారిపోయింది.

కూర్చున్నాను.

"ఏమే, నీకు కండ్లుండి ఏం ప్రయోజనం? ఒక కాగితం తిప్పి చూసేదానికి నీకేం నొప్పి? ఆ రెండు కొశ్చెన్లూ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా. నెల దినాలు చదివినా వాటినే! అరవై వచ్చేది నాకు, అరవై! అంతేనా అని అడిగితే మింద పడి కరిచినావే? మూడేండ్లుగా ఆ పేపర్లు రాస్తా ఉండా, ఐదు ఇస్తారని నాకు తెలీదా?"

"తెలిస్తే గట్టిగా అడగొచ్చు కదా అక్కా..."

"ఎట్ల అడిగేది? పోయిన ఏడు ఇదే పేపరుకు ఒక పిల్ల వచ్చింది. ఇంగోసారి చదువమ్మా అంటే కోపం చేసుకొని లేచిపొయ్యింది. వేరే మనిషిని పిలుచుకొచ్చేలోపల టైం అంతా పాయె, పేపరూ పాయె. నువ్వు గూడా లేచిపోతే నేనేం చేసేది? అందుకే నోరు మూసుకున్నా. మా ఇంటికొచ్చి ఏడ్చినావే, ఆ దినమే లాగి చెంప మింద ఒకటి ఇయ్యాలనుకున్నా. అయితే మరుసటి దినం పేపరుండె. నాకు నీ చెయ్యి కావాల. అందుకని బిస్కెట్లు పెట్టినా."

ఆ బిస్కెట్లా! ఎంత మంచి మనసు అనుకుంటూ వాటిని టీలో ముంచుకుని తిన్నాను నేను.

"ఇప్పుడు డిగ్రీ వచ్చేసింది. ఇంగ నీతో నాకు ఏ పనీ లేదు. ఇప్పుడు తిడతా, విను" అంది.

విన్నాను. నా కోపాన్ని, నా నిట్టూర్పుల్ని, పెన్నుతో నేను బల్ల కొట్టిన చప్పుడును, ఒక్కటీ వదలకుండా కడిగిపారేసింది. తెలుగులో మొదలుపెట్టి, అది చాలక తమిళంలోకి దిగింది. నెలన్నర నుంచి గుండె మీద ఉన్న బరువు ఒక్కో తిట్టుకీ కొంచెం కొంచెం దిగుతుంటే, తల వంచుకుని హాయిగా కూర్చున్నాను. చీకటి పడకముందే ఇంటికి పోవాలని ఆమె లేచింది. నేనూ లేచాను. అలవాటుగా నా మోచేయి పట్టుకుని, గేటు దాకా తిడుతూనే నడిచింది.